ఎక్సెల్ మాక్రో నుంచి పోస్ట్‌గ్రెస్‌కి: పీఎస్‌క్యూఎల్ ఓడీబీసీ డ్రైవర్ సమీక్ష

విండోస్‌లో ఎక్సెల్ మాక్రో రాసి, దాన్ని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో మాట్లాడించాలంటే ఖర్చులేని దారి ఒకటుంది. పైన వీబీఏ (మాక్రో రాసే భాష), దాని కింద ఏడీఓ (మాక్రో నుంచి డేటాబేస్‌ని పిలిచే లైబ్రరీ), ఇంకా కింద ఓడీబీసీ (ఏ డేటాబేస్‌తోనైనా మాట్లాడే విండోస్ ఏర్పాటు), అన్నిటికీ అడుగున పోస్ట్‌గ్రెస్ వాళ్లే ఇచ్చే పీఎస్‌క్యూఎల్ ఓడీబీసీ డ్రైవర్. ఎల్‌జీపీఎల్ లైసెన్స్ మీద ఉచితంగా దొరుకుతుంది, ఆఫీసులో ఎన్ని కంప్యూటర్లలోనైనా వేసుకోవచ్చు. డ్రైవర్ గట్టిది. తెలుగు అక్షరాన్ని ఒక్క ఒత్తు కూడా పోకుండా అటూ ఇటూ మోస్తుంది. కానీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు వచ్చే సెట్టింగులను అలాగే వదిలేస్తే మాత్రం ఏదో ఒకరోజు లెక్క తప్పుతుంది. అందుకే దీనికి మంచి మార్కులు వేస్తూనే, ఏ సెట్టింగులు మార్చాలో, ఎందుకు మార్చాలో ఇక్కడ వివరంగా చెప్పాల్సి వస్తోంది.

ఉదాహరణకి ఒక పాల కేంద్రం లెక్కలు తీసుకుందాం. డేటాబేస్‌లో ‘సేకరణ’ అనే టేబుల్. అందులో సభ్యుని నంబర్, పేరు, తేదీ, పూట, లీటర్లు, వెన్న శాతం, ఇవ్వాల్సిన డబ్బు, బ్యాంకు ఖాతా నంబర్. తెలుగు పేర్లు, తేదీలు, దశాంశాలు, పొడుగాటి ఖాతా నంబర్లు, ఖాళీ గళ్లు... మాక్రోని తిప్పలు పెట్టేవన్నీ ఈ ఒక్క టేబుల్‌లోనే ఉన్నాయి.

ముందు 32 బిట్టా, 64 బిట్టా తేల్చుకోండి

డ్రైవర్ రెండు రకాలుగా వస్తుంది. ఏది వేయాలో తేల్చేది విండోస్ కాదు, ఎక్సెల్. ఎక్సెల్‌లో ఫైల్, అకౌంట్, అబౌట్ ఎక్సెల్ నొక్కితే పై వరుసలోనే 32 బిట్ అనో 64 బిట్ అనో ఉంటుంది. ఆఫీస్ 2019 నుంచి మామూలుగా 64 బిట్టే ఇన్‌స్టాల్ అవుతోంది గానీ, పాత యాడ్-ఇన్‌ల కోసం 32 బిట్ ఉంచుకున్న ఆఫీసులు ఇప్పటికీ చాలా ఉన్నాయి. విండోస్ 64 బిట్ కదా అని 64 బిట్ డ్రైవర్ వేసి, 32 బిట్ ఎక్సెల్ నుంచి పిలిస్తే దానికి ఆ డ్రైవర్ కనిపించనే కనిపించదు. అప్పుడు వచ్చే ఎర్రర్ ‘డేటా సోర్స్ నేమ్ నాట్ ఫౌండ్ అండ్ నో డీఫాల్ట్ డ్రైవర్ స్పెసిఫైడ్’. చదివినవాళ్లు పేరు తప్పు రాశామేమో అని గంటల తరబడి పేరునే సరిచూస్తారు. అసలు సంగతి బిట్ తేడా. డీఎస్ఎన్ (విండోస్‌లో ఒక పేరుతో దాచుకున్న కనెక్షన్ వివరాలు) పెట్టుకుని ఉంటే మాత్రం ‘ఆర్కిటెక్చర్ మిస్‌మ్యాచ్’ అని కాస్త సూటిగానే చెబుతుంది.

ఏ డ్రైవర్లు ఉన్నాయో చూసే ఓడీబీసీ అడ్మినిస్ట్రేటర్ కూడా విండోస్‌లో రెండుంటాయి. ఫైలు పేరు రెండిటికీ ఒకటే. పేర్లు చూస్తే తికమక: సిస్టమ్32 ఫోల్డర్‌లో ఉన్నది 64 బిట్‌ది, సిస్‌వావ్64 ఫోల్డర్‌లో ఉన్నది 32 బిట్‌ది. ఈ తిరకాసు గుర్తుంచుకుంటే సగం తలనొప్పి పోతుంది. అనుమానంగా ఉంటే రెండు డ్రైవర్లూ వేసేయండి, ఒకదానికొకటి అడ్డు రావు.

ఇన్‌స్టాల్ చేయడానికి అడ్మిన్ హక్కులు కావాలి. కంప్యూటర్‌లో విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్ లేకపోతే డ్రైవర్ జాబితాలో కనిపిస్తూనే, సెటప్ తెరవబోతే ఎర్రర్ కోడ్ 126 ఇస్తుంది. డ్రైవర్ పాడైందని కాదు, దానికి కావాల్సిన డీఎల్ఎల్ దొరకలేదని అర్థం. రన్‌టైమ్ వేస్తే సరిపోతుంది.

యూనికోడ్, ఆన్సీ: తెలుగువాళ్లం ఆగి చూడాల్సిన చోటు

ఇన్‌స్టాల్ అయ్యాక డ్రైవర్స్ ట్యాబ్‌లో రెండు పేర్లు కనిపిస్తాయి. ఒకటి ఆన్సీ (తెలుగు లిపి పట్టని పాత పద్ధతి), ఒకటి యూనికోడ్ (అన్ని లిపులూ పట్టేది). 64 బిట్ అయితే పేరు చివర బ్రాకెట్లో ఎక్స్64 అని కూడా ఉంటుంది. అక్షర క్రమంలో ఆన్సీ ముందుంటుంది కాబట్టి చెయ్యి ముందు దాని మీదికే పోతుంది. ఇంగ్లీషు డేటాతో పరీక్షించినంతసేపూ రెండిటికీ తేడా తెలియదు. సభ్యుల పేర్లు తెలుగులో రాగానే ఆన్సీ డ్రైవర్‌లో ప్రశ్నార్థకాల వరుస వస్తుంది. చదివేటప్పుడు అలా వస్తే ఫరవాలేదు, డ్రైవర్ మారిస్తే సరిపోతుంది. రాసేటప్పుడు అలా జరిగితే డేటాబేస్‌లోకి ప్రశ్నార్థకాలే ఎక్కుతాయి, అసలు పేరు ఇక తిరిగి రాదు. కాబట్టి తెలుగు ఒక్క గడిలో ఉన్నా యూనికోడ్ డ్రైవరే వాడాలి.

యూనికోడ్ డ్రైవర్ పెట్టాక కూడా ప్రశ్నార్థకాలు వస్తున్నాయంటే తప్పు ఇంకోచోట ఉంది: వీబీఏ ఎడిటర్. ఆ ఎడిటర్ ఇప్పటికీ యూనికోడ్ కాదు. కోడ్‌లో కొటేషన్ల మధ్య తెలుగు మాట అతికిస్తే అక్కడే ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. మెసేజ్‌బాక్స్ కూడా అంతే, వేరియబుల్‌లో తెలుగు సరిగ్గా ఉన్నా చూపించేది ప్రశ్నార్థకాలే. అందువల్ల మెసేజ్‌బాక్స్ చూసి డ్రైవర్ మీద తీర్పు చెప్పకండి. విలువను ఒక గడిలో రాసి చూడండి, అది నిజం చెబుతుంది. కోడ్‌లో తెలుగు మాట తప్పనిసరి అయితే రెండు మార్గాలున్నాయి. ఒకటి, ఆ మాటను షీటులో ఒక గడిలో పెట్టి అక్కడినుంచి తీసుకోవడం. రెండోది, సీహెచ్ఆర్‌డబ్ల్యూ ఫంక్షన్‌తో అక్షరం అక్షరం కట్టడం. ‘తెలుగు’ అనే మాటకి 3108, 3142, 3122, 3137, 3095, 3137. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. మొదటి మార్గమే హాయి.

ఈ లెక్కలోనే ఇంకో సంగతి ఉంది. కంటికి మూడు అక్షరాలుగా కనిపించే ‘తెలుగు’ కంప్యూటర్‌కి ఆరు. ‘లక్ష్మి’ అయితే ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. పోస్ట్‌గ్రెస్‌లో వార్‌క్యార్ (టెక్స్ట్ దాచే కాలమ్ రకం) 20 అంటే 20 బైట్లు కాదు, ఇలాంటి 20 గుర్తులు. వీబీఏలో లెన్ ఫంక్షన్ కూడా ‘లక్ష్మి’కి 7 అనే చెబుతుంది, కాబట్టి రెండు వైపులా లెక్క కలుస్తుంది. కానీ ఇంటిపేరుతో కలిపి పూర్తి పేరు రాసే కాలమ్‌కి ఇంగ్లీషు అలవాటుతో 20 పెట్టకండి. 80 పెట్టండి.

పేర్లు వెతికేటప్పుడు కనిపించని శత్రువు ఇంకొకడున్నాడు. ‘శ్రీనివాస్’ లాంటి పొల్లుతో ముగిసే పేర్ల చివర కొన్ని కీబోర్డులు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు చేరుస్తాయి. దాని నంబర్ 8204. తెరమీద కనిపించదు, ట్రిమ్ ఫంక్షన్ తీసెయ్యదు. రెండు పేర్లూ అచ్చం ఒకేలా కనిపిస్తాయి, డేటాబేస్ మాత్రం వేరువేరంటుంది. డేటాబేస్‌కి పంపే ముందు పేరు చివర ఆ గుర్తు ఉందేమో చూసి తీసేయండి. మధ్యలో ఉన్నవాటిని మాత్రం తీయకండి, ‘రామ్‌కుమార్’ కాస్తా ఒత్తు పడి ఇంకోలా తయారవుతుంది. వెబ్ పేజీల నుంచి అతికించిన పేర్లలో 160 నంబర్ ఖాళీ కూడా ఇలాగే దాక్కుంటుంది. ఇక అను ఫాంట్లలో టైప్ చేసిన పాత షీట్లయితే అవి అసలు యూనికోడే కాదు. ముందు మార్చుకుని తర్వాతే డేటాబేస్ దగ్గరికి రావాలి.

కనెక్షన్ స్ట్రింగ్‌లో ఏం రాయాలి

కంప్యూటర్ కంప్యూటర్‌కీ డీఎస్ఎన్ పెట్టుకుంటూ పోవడం కన్నా, మాక్రోలోనే పూర్తి కనెక్షన్ స్ట్రింగ్ రాయడం మేలు. ఇక్కడ తెలుగులో చెబుతున్నా, టైప్ చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే. వరుసగా ఇవి: డ్రైవర్ అని రాసి, మీసాల బ్రాకెట్లలో డ్రైవర్ పేరు. సర్వర్ చిరునామా. పోర్ట్ 5432. డేటాబేస్ పేరు. యూఐడీ, అంటే యూజర్ పేరు. పీడబ్ల్యూడీ, అంటే పాస్‌వర్డ్. ఒక్కోదాని మధ్య సెమీకోలన్. డ్రైవర్ పేరు డ్రైవర్స్ ట్యాబ్‌లో ఎలా ఉందో అలాగే ఉండాలి. యూనికోడ్ అన్న మాటకీ బ్రాకెట్‌కీ మధ్య ఖాళీ ఉండదు, మీరు ఖాళీ పెడితే మళ్లీ అదే ‘నాట్ ఫౌండ్’ ఎర్రర్. పాస్‌వర్డ్‌లో సెమీకోలన్ ఉంటే స్ట్రింగ్ అక్కడే తెగిపోతుంది, దాన్ని కూడా మీసాల బ్రాకెట్లలో పెట్టాలి.

దీనికి అదనంగా చేర్చాల్సినవి కొన్ని ఉన్నాయి, డ్రైవర్ మీద ఉన్న ఫిర్యాదులన్నీ ఇక్కడే. మొదటిది ఎస్ఎస్ఎల్‌మోడ్. ఏమీ రాయకపోతే ఈ డ్రైవర్ ఎన్‌క్రిప్షన్ లేకుండానే వెళ్తుంది. ఇంట్లో నెట్‌వర్క్ అయితే సరేగానీ, క్లౌడ్‌లో ఉన్న సర్వర్‌కి ఇలా వెళ్లడం తప్పు. చాలా క్లౌడ్ సర్వర్లు రానివ్వవు కూడా, ‘నో పీజీ హెచ్‌బీఏ కాన్ఫ్ ఎంట్రీ’ అంటూ తిప్పికొడతాయి. రిక్వైర్ అని రాస్తే ఎన్‌క్రిప్షన్ వస్తుంది. సర్టిఫికెట్ కూడా సరిచూడాలంటే వెరిఫై ఫుల్. ఈ కాలంలో వచ్చే డ్రైవర్‌లో ఇది మొదటినుంచే ఆన్‌లో ఉండాల్సింది.

రెండోది బూల్స్ యాజ్ క్యార్. ఇది మొదట్నుంచీ ఆన్‌లో ఉంటుంది. దానివల్ల డేటాబేస్‌లో ట్రూ, ఫాల్స్ అని ఉన్న కాలమ్ ఎక్సెల్‌లోకి 1, 0 అనే టెక్స్ట్‌గా వస్తుంది. ‘డబ్బు చెల్లించారా’ అనే కాలమ్‌ని ట్రూతో పోల్చే ఫార్ములా ఒక్కటీ పనిచేయదు, ఎర్రర్ కూడా రాదు. బూల్స్‌యాజ్‌క్యార్ విలువ 0 అని స్ట్రింగ్‌లో రాయండి.

మూడోది పొడుగు టెక్స్ట్. పోస్ట్‌గ్రెస్‌లో టెక్స్ట్ రకం కాలమ్‌ని డ్రైవర్ లాంగ్ వార్‌క్యార్‌గా చూపిస్తుంది, దానికి మొదట పెట్టిన పరిమితి 8190. పొడుగు ఏమీ చెప్పని వార్‌క్యార్‌కి 255. వివరాలు, గమనికలు రాసుకునే కాలమ్ ఉంటే మ్యాక్స్ లాంగ్ వార్‌క్యార్ పెంచాలి. పేర్లకీ ఊర్లకీ టేబుల్‌లోనే కొలత చెప్పి వార్‌క్యార్ పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

యూజ్ డిక్లేర్ ఫెచ్ అని ఒకటుంది. మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, అంటే క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) ఫలితం మొత్తం ఒకేసారి మీ కంప్యూటర్ మెమరీలోకి దిగుతుంది. ఆన్ చేస్తే కొంచెం కొంచెంగా, మొదట పెట్టిన లెక్క ప్రకారం 100 వరుసల చొప్పున తెస్తుంది. నెలవారీ లెక్కలకి అవసరం లేదు. లక్షల వరుసలు తేవాల్సి వస్తే ముందు అడగాల్సిన ప్రశ్న వేరు: కూడిక డేటాబేస్‌లోనే చేసి, వచ్చిన జవాబు మాత్రం తెచ్చుకోకూడదా?

చదవడం

మాక్రోలో టూల్స్, రిఫరెన్సెస్ తెరిచి ఏడీఓ 6.1 లైబ్రరీకి టిక్ పెట్టొచ్చు. లేదా టిక్ ఏమీ లేకుండా క్రియేట్ ఆబ్జెక్ట్‌తో తెరవొచ్చు. ఒక్క కంప్యూటర్‌లోనే నడిచేదైతే మొదటిది, పదిమందికి పంచేదైతే రెండోది. రెండో పద్ధతిలో ఏడీఓ కాన్‌స్టంట్ల పేర్లు వీబీఏకి తెలియవు, వాటి నంబర్లే రాయాలి. మాడ్యూల్ పైన ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్ లేకపోతే తెలియని పేరుని వీబీఏ ఖాళీ వేరియబుల్ అనుకుని 0గా వాడేస్తుంది. తప్పు ఎక్కడో, ఎర్రర్ ఇంకెక్కడో.

కనెక్షన్ తెరిచాక కర్సర్ లొకేషన్ 3 అని పెట్టండి. అప్పుడే రికార్డ్ కౌంట్ సరైన సంఖ్య ఇస్తుంది. పెట్టకపోతే మామూలు కర్సర్‌తో అది -1 అంటుంది, దాన్నిబట్టి ‘డేటా లేదు’ అని రాసిన కోడ్ తప్పుదారి పడుతుంది. ఫలితాన్ని షీటులో పెట్టడానికి కాపీ ఫ్రమ్ రికార్డ్‌సెట్ చాలా వేగమైనది. ఒక్కో గడినీ లూప్‌లో నింపే పద్ధతి జోలికి పోవద్దు. ఇది శీర్షికలు రాయదు, కాలమ్ పేర్లు ఫీల్డ్స్ నుంచి తీసుకుని మొదటి వరుసలో మీరే రాసి, డేటాని ఏ2 గడి నుంచి మొదలుపెట్టాలి. అన్నిటికంటే ముందు పాత డేటాని తుడవాలి. నిన్న 212 వరుసలు వచ్చి, ఇవాళ 180 వస్తే, తుడవని షీటులో అడుగున 32 వరుసలు నిన్నటివే మిగిలిపోతాయి. మొత్తం డబ్బు లెక్కలో అవి కూడా కలుస్తాయి, ఎవరూ గమనించరు.

ఖాతా నంబర్ల దగ్గర ఎక్సెల్‌కి ఉన్న పరిమితి డ్రైవర్‌ది కాదు, కానీ దెబ్బ పడేది ఇక్కడే. ఎక్సెల్ సంఖ్యలో 15 అంకెలే నిలుస్తాయి. 16 అంకెల నంబర్ సంఖ్యగా వస్తే చివరి అంకె 0 అయిపోతుంది. ముందు సున్నాలుంటే అవీ పోతాయి. ఖాతా నంబర్ డేటాబేస్‌లోనే వార్‌క్యార్‌గా ఉండాలి. లేకపోతే క్వెరీలో కాస్ట్ చేసి, అంటే రకం మార్చి, టెక్స్ట్‌గా తేవాలి, షీటులో ఆ కాలమ్‌ని ముందే టెక్స్ట్ ఫార్మాట్‌లో ఉంచాలి.

అలాంటిదే కౌంట్ ఫలితం. పోస్ట్‌గ్రెస్‌లో కౌంట్ ఇచ్చేది బిగ్‌ఇంట్ (64 బిట్ పూర్ణాంకం). 32 బిట్ వీబీఏలో ఆ రకమే లేదు, లాంగ్‌లాంగ్ ఉండేది 64 బిట్‌లోనే. కాబట్టి క్వెరీలోనే ఇంటీజర్‌గా కాస్ట్ చేసి పంపడం మంచి అలవాటు. సగటు వెన్న శాతం లాంటి లెక్కలకి కూడా న్యూమరిక్ 5, 2 అని కొలత చెప్పి కాస్ట్ చేయండి.

నెలాఖరు నివేదిక లాంటి పెద్ద క్వెరీ సరిగ్గా 30 సెకన్లకి ఆగిపోతోందంటే అది కమాండ్ టైమ్‌అవుట్. మామూలు విలువ 30. దీన్ని కనెక్షన్ మీద పెంచి, తర్వాత కమాండ్ ఆబ్జెక్ట్ వాడితే పెంచింది వర్తించదు, కమాండ్‌కి దాని టైమ్‌అవుట్ విడిగా ఉంటుంది. కనెక్షన్ టైమ్‌అవుట్ ఇంకోటి, అది 15 సెకన్లు, తలుపు తెరిచేదాకా ఆగే సమయం మాత్రమే.

రాయడం, అసలు పరీక్ష

షీటులోంచి డేటాబేస్‌కి పంపే మాక్రోల్లో ఎక్కువగా కనిపించే తప్పు, గడి విలువల్ని కొటేషన్ల మధ్య అతికించి ఎస్‌క్యూఎల్ వాక్యం తయారుచేయడం. పేరులో ఒక సింగిల్ కొటేషన్ వస్తే వాక్యం విరిగిపోతుంది. తేదీల సంగతి ఇంకా ఘోరం. మన కంప్యూటర్లలో తేదీ రోజు, నెల, సంవత్సరం వరుసలో ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ మామూలుగా నెలని ముందు చదువుతుంది. 13/04/2024 అని పంపితే 13వ నెల లేదు కాబట్టి ఎర్రర్ ఇస్తుంది, బతికిపోయాం. 03/04/2024 అని పంపితే మాత్రం ఏప్రిల్ 3 కాస్తా మార్చి 4 అయి కూర్చుంటుంది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. ప్రతి నెలా మొదటి 12 రోజుల్లో, రోజూ నెలా ఒకే అంకె అయిన తేదీ తప్ప, మిగతా రోజుల పాలు వేరే నెలలోకి పోతాయి.

అందుకే కమాండ్ ఆబ్జెక్ట్, పారామీటర్లు వాడాలి. వాక్యంలో విలువ రావాల్సిన ప్రతిచోటా ప్రశ్నార్థకం పెట్టి, అదే వరుసలో పారామీటర్లు చేర్చాలి. పేర్లు పనిచేయవు, వరుసే ముఖ్యం. తెలుగు పేరుకి రకం 202, తేదీకి 133, లీటర్లకి 5, సభ్యుని నంబర్‌కి 3. పేరుకి 202 బదులు 200 రాస్తే అది యూనికోడ్ కాని రకం, మళ్లీ ప్రశ్నార్థకాల కథ మొదలవుతుంది. 202 రకానికి సైజు తప్పనిసరి. సైజు 0 అయితే ‘పారామీటర్ ఇంప్రాపర్లీ డిఫైన్డ్’ అని 3708 నంబర్ ఎర్రర్ వస్తుంది. గడి పొడుగునే సైజుగా ఇచ్చేవాళ్లకి ఖాళీ గడి రాగానే జరిగేది ఇదే. కాలమ్ కొలత, అంటే 80, ఇచ్చేస్తే ఎప్పుడూ సమస్య రాదు.

ఖాళీ గడిని ఎలా పంపాలో ముందే నిర్ణయించుకోండి. వీబీఏ దృష్టిలో అది ఎంప్టీ, డేటాబేస్‌కి కావాల్సింది నల్ (విలువ లేదు అనే గుర్తు). ప్రతి విలువనీ ఒక చిన్న ఫంక్షన్ గుండా పంపి, ఎంప్టీ అయితే నల్‌గా మార్చండి. లేకపోతే ఆ పూట పాలు పోయని సభ్యుడికి ‘సున్నా లీటర్లు’ అని నమోదై సగటు పడిపోతుంది. గడిలో ఎన్ఏ లాంటి ఎర్రర్ ఉంటే మాక్రో టైప్ మిస్‌మ్యాచ్‌తో ఆగుతుంది, అక్కడ ఈజ్‌ఎర్రర్‌తో ముందే చూసి ఏ వరుసలో ఉందో చెప్పి ఆపాలి. గళ్లని ఒక్కొక్కటిగా చదవకుండా మొత్తం రేంజ్‌ని ఒకేసారి అర్రేలోకి తీసుకోండి.

వేగం కోసం బిగిన్ ట్రాన్స్, కమిట్ ట్రాన్స్ మధ్య రాయండి. లేకపోతే ప్రతి ఇన్‌సర్ట్ ఒక ట్రాన్సాక్షన్, ప్రతిసారీ సర్వర్ డిస్క్ మీద ఖాయం చేసేదాకా మాక్రో ఎదురుచూస్తుంది. వేగం ఒక్కటే కాదు, 140వ వరుసలో తప్పు వస్తే రోల్‌బ్యాక్ చేసి, అంటే చేసిందంతా వెనక్కి తీసుకుని, మొదటినుంచి పంపొచ్చు, సగం ఎక్కిన రోజు ఉండదు. మెసేజ్‌బాక్స్‌లో ‘సరేనా’ అని అడిగేది బిగిన్ ట్రాన్స్‌కి ముందే అడగాలి. మధ్యలో అడిగి, మనిషి భోజనానికి వెళ్లిపోతే, ఆ వరుసల మీద తాళం అలాగే ఉంటుంది, మిగతావాళ్ల పని ఆగుతుంది.

బటన్ రెండుసార్లు నొక్కుతారు. ఇది ఖాయం. సభ్యుని నంబర్, తేదీ, పూట ఈ మూడిటి మీద యూనిక్ కీ పెట్టి, ఇన్‌సర్ట్‌కి ‘ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ అప్‌డేట్’ చేర్చండి. పోస్ట్‌గ్రెస్ 9.5 నుంచి ఈ సౌకర్యం ఉంది. ఎన్నిసార్లు నొక్కినా వరుస ఒక్కటే ఉంటుంది, తాజా విలువతో.

ఎర్రర్ వచ్చినప్పుడు వీబీఏ ఇచ్చే -2147467259 వల్ల ఏమీ తెలియదు, చాలా ఎర్రర్లకి అదే నంబర్. కనెక్షన్‌లోని ఎర్రర్స్ కలెక్షన్ తెరిచి ఎస్‌క్యూఎల్ స్టేట్, వివరణ రెండూ చూపించండి. 23505 అంటే అదే కీతో వరుస ఇప్పటికే ఉంది, 42పీ01 అంటే ఆ పేరుతో టేబుల్ దొరకలేదు. టేబుల్ కళ్లముందే ఉన్నా రెండోది వస్తోందంటే, పేరులో పెద్ద అక్షరాలు పెట్టి కొటేషన్లతో సృష్టించి ఉంటారు. అప్పుడు ప్రతిసారీ కొటేషన్లతోనే పిలవాలి.

చాలా పెద్ద షీటైతే ఈ దారి సరైంది కాదు. పోస్ట్‌గ్రెస్‌లో అన్నిటికంటే వేగమైన కాపీ పద్ధతిని ఈ డ్రైవర్ గుండా క్లయింట్ ఫైలుతో వాడలేం. షీటుని సీఎస్‌వీ యూటీఎఫ్-8గా సేవ్ చేసి (మామూలు సీఎస్‌వీ అయితే తెలుగు పోతుంది) పోస్ట్‌గ్రెస్ కమాండ్ లైన్ నుంచి ఎక్కించడం నయం.

సర్వర్ వైపు, పాస్‌వర్డ్ వైపు

కొత్తగా వేసిన పోస్ట్‌గ్రెస్ సాధారణంగా తన కంప్యూటర్‌లోంచి వచ్చే పిలుపునే వింటుంది. బయటి కంప్యూటర్ నుంచి రావాలంటే లిజన్ అడ్రెసెస్ మార్చి సర్వర్‌ని రీస్టార్ట్ చేయాలి, ఎవరిని రానివ్వాలో చెప్పే పీజీ హెచ్‌బీఏ ఫైలులో ఆఫీస్ నెట్‌వర్క్‌కి ఒక వరుస చేర్చి రీలోడ్ చేయాలి, ఫైర్‌వాల్‌లో 5432 తెరవాలి. ‘అథెంటికేషన్ మెథడ్ 10 నాట్ సపోర్టెడ్’ అని వస్తే డ్రైవర్ పాతది. పోస్ట్‌గ్రెస్ 14 నుంచి మామూలుగా పాస్‌వర్డ్‌లు స్క్రామ్ అనే పద్ధతిలో దాస్తుంది, ఏళ్లనాటి డ్రైవర్‌కి ఆ భాష రాదు. సర్వర్‌లో భద్రత తగ్గించకండి, డ్రైవర్ మార్చండి.

పాస్‌వర్డ్‌ని మాక్రోలో రాసి వీబీఏ ప్రాజెక్ట్‌కి తాళం వేస్తే చాలనుకోవద్దు, ఆ తాళం తీయడం తేలిక. డీఎస్ఎన్‌లో పెడితే అది విండోస్ రిజిస్ట్రీలో ఉంటుంది. యూజర్‌ఫామ్‌లో టెక్స్ట్‌బాక్స్‌కి పాస్‌వర్డ్ క్యార్ పెట్టి, తెరిచినప్పుడు ఒక్కసారి అడగడం మేలు. ఇన్‌పుట్‌బాక్స్ వద్దు, అది టైప్ చేసింది దాచదు. మాక్రోకి అన్ని హక్కులూ ఉన్న ‘పోస్ట్‌గ్రెస్’ అనే సూపర్‌యూజర్ పేరు ఇవ్వనే ఇవ్వకండి. నివేదికలకి సెలెక్ట్ (చదివే) హక్కు మాత్రమే ఉన్న రోల్ (డేటాబేస్ యూజర్), నమోదుకి ఒక్క సేకరణ టేబుల్ మీద హక్కులున్న రోల్, రెండూ వేరుగా ఉండాలి.

ఎవరికి పనికొస్తుంది

చదవడం మాత్రమే కావాలంటే మాక్రో అవసరం లేదు. ఎక్సెల్‌లోని పవర్ క్వెరీ నేరుగా పోస్ట్‌గ్రెస్ నుంచి తెచ్చి, రిఫ్రెష్ నొక్కితే తాజా చేస్తుంది. అది తిరిగి రాయలేదు. షీటులో దిద్దిన విలువ డేటాబేస్‌కి వెళ్లాలంటే ఈ డ్రైవర్ లాంటిది కావాలి. మ్యాక్ ఎక్సెల్‌లో ఏడీఓ లేదు కాబట్టి అక్కడ ఈ పద్ధతి నడవదు. వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పంపిన మాక్రో ఫైలుని ఎక్సెల్ ఇప్పుడు తెరవగానే అడ్డుకుంటుంది. ఫైలు ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ టిక్ పెట్టాలి, లేదా నమ్మకమైన ఫోల్డర్‌లో ఉంచాలి.

డ్రైవర్‌లో లాగ్ ఆన్ చేసే వీలుంది, చిక్కుముడి విప్పడానికి బాగా పనికొస్తుంది. పని అయ్యాక ఆఫ్ చేయండి, లేకపోతే ఫైలు పెరుగుతూ పోతుంది, మాక్రో నెమ్మదిస్తుంది, సభ్యుల వివరాలు కూడా ఆ ఫైలులో పడి ఉంటాయి.

మైఎస్‌క్యూఎల్ డ్రైవర్‌తో పోలిస్తే దీనిలో బాగా నచ్చే గుణం ఒకటుంది. మైఎస్‌క్యూఎల్ ఓడీబీసీ డ్రైవర్ పేరులో వెర్షన్ నంబర్ కూడా ఉంటుంది. 8.0 నుంచి పై వెర్షన్‌కి మారితే పంచిన ప్రతి ఫైలులోనూ కనెక్షన్ స్ట్రింగ్ దిద్దుకోవాలి. పోస్ట్‌గ్రెస్ డ్రైవర్ పేరులో నంబర్ లేదు. పాతది తీసి కొత్తది వేస్తే అదే పేరుతో వస్తుంది, మాక్రోలో ఒక్క అక్షరం ముట్టుకోనక్కర్లేదు.